దస్తగిరి పాటల గది

ప్రొద్దుటూరులో బంగారు పనివాళ్ల సందు చివర ఒక మేడగది ఉండేది. కరెంటు పోయి వచ్చిన రాత్రి దాని కిందుగా ఎవరూ నడిచేవాళ్లు కాదు. తాళం వేసిన గదిలోంచి ఒక మోత వచ్చేది... పది పదకొండు గొంతులు ఒక్కసారి మూలిగినట్టు, ఆగకుండా. కొలిమి ముందు రాత్రుళ్లు కూర్చునే మొండివాళ్లు కూడా ఆ మోత వింటే పని కట్టేసి ఇంటిదారి పట్టేవాళ్లంట.

ఆరేళ్ల కిందట ఆ గదిలో దస్తగిరి పాటలు కట్టేవాడు. ఒక రాత్రి, కడుతున్న పాట మధ్యలోనే పోయినాడు.

తెల్లారితే మేడ పడగొడతారనగా, ఆయన భార్య సైదున్నీసా పులివెందుల నుంచి వచ్చింది. జమ్మలమడుగు నుంచి అనురాధను పిలిపించుకుంది. అనురాధ సెల్‌ఫోన్లు బాగుచేసే పిల్ల. నిద్ర పట్టని పిల్ల. ఎవరో పారేసిన పాత కంప్యూటర్లు తెచ్చుకుని, ఇరవై ఏళ్ల కిందటి పాటల సాఫ్ట్‌వేర్లు ఎక్కించి, ఎవరూ నేర్పకుండానే వాటితో తెల్లార్లూ కుస్తీ పట్టేది.

"దెయ్యమూ లేదు ఏమీ లేదత్తా," అంది మెట్ల కింద నిలబడి. "కరెంటు వస్తానే కంప్యూటర్ దానంతటదే లేసి, ఆఖరి పాట తెరిచి వాయించేటట్టు మామే పెట్టుకున్న్యాడు. గంటకోసారి కరెంటు పోతాంటే ఏం చేస్తాడు మరి."

"మీ మామ నాతో కంటే దాంతోనే శానా మాట్లాడినాడులే," అంది సైదున్నీసా. నవ్వబోయి ఆగిపోయింది.

ఆమె మాత్రం మెట్టెక్కలేదు. ఆయన పోయినాక ఒక్కసారి కూడా ఎక్కలేదు.

"ఆ రాత్రి పదిన్నరకు అన్నం క్యారియరు పట్టుకోని ఈడిదాకా వచ్చినా పాపా. పైన మోగుతాండాది. పోయి దాన్నే పెండ్లి చేసుకో అనుకోని... తిరిగి పోయినా." గొంతు తగ్గించింది. "అప్పుడు వాయిస్తా ఉన్న్యాడా... పడిపోయి ఉన్న్యాడా? దాంట్లో ఉంటాదంట కదా. అది చెప్పు, చాలు."

అనురాధ పైకెక్కింది.

గదంతా దుమ్ము. లావుపాటి మానిటర్ ఒక్కటే నీలంగా వెలుగుతోంది. వాయించే కీబోర్డు ఎప్పుడో అమ్మేసినారు — దాని వైరు మటుకు బల్ల అంచున వేలాడుతోంది.

ఆ పాత సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని దాచుకోదు. ఏ కీ, ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కినారు — అంతే, వరసగా అంకెలు. మొదట్లోనే దస్తగిరి తన చేత్తో 'రాత్రి 10.05' అని టైము టైపు చేసుకున్నాడు. పొద్దున తలుపు పగలగొట్టినవాళ్లు కంప్యూటర్ 'దాచమంటావా' అని అడిగితే అవునని నొక్కినారు కాబట్టి, ఆ రాత్రంతా అట్లాగే మిగిలిపోయింది.

అనురాధ వేలు పెట్టి లెక్కేసింది.

పది ఇరవైరెండు దాకా పాట. తర్వాత పదకొండు కీలు — ఒక్క దెబ్బకు. ఆ కీలు మళ్లీ పైకి లేవలేదు. చెయ్యి మీద పడినట్టుంది... లేదా తల.

ఊపిరి వదిలింది. పదిన్నరకు ముందే పడిపోయినాడు. ఇది చెప్పొచ్చు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. వేలు ఆగలేదు.

పదీ ముప్పై ఒకటి. ఒకే ఒక కీ — ఆ పదకొండింటికి దూరంగా, చివర్న. బలం, నలభై.

మళ్లీ అదే. ముప్పై.

మళ్లీ... పంతొమ్మిది.

పదీ ముప్పై మూడు — తొమ్మిది.

పదీ ముప్పై ఆరు — రెండు.

ఆ తర్వాత తెల్లవార్లూ ఏమీ లేదు.

అనురాధకు అర్థమైంది. మామ కింద అలికిడి విన్నాడు. పిలవడానికి నోరు రాక, అందిన ఆ ఒక్క కీ నొక్కినాడు.

"ఏమైంది పాపా?" కింది నుంచి సైదున్నీసా.

అనురాధ ఆ అయిదు వరసలూ తుడిచేసింది. కంప్యూటర్ ఆపి, గది మెయిన్ స్విచ్ కట్టేసి, కంప్యూటర్ కరెంటు వైరు రెండు పక్కలా పీకి చేతికి చుట్టుకుని దిగింది.

"పది ఇరవైరెండుకే అయిపోయిందత్తా. నువ్వొచ్చేసరికి ఆడేమీ లేదు. పెట్టె ఊరికే మోగుతాండాది, అంతే."

"నా మొగం చూసి చెప్పు."

మొగం చూసి, మళ్లీ చెప్పింది.

సైదున్నీసా కొంగుతో కండ్లు ఒత్తుకుంది. భుజాలు కిందికి దిగినాయి. "పద పాపా. బస్సు దొరుకుతాదో లేదో."

నాలుగడుగులు వేసినారో లేదో —

పైన... ఒక్క స్వరం.

కాసేపు ఆగి, మళ్లీ అదే.

అనురాధ చేతిలోకి చూసుకుంది. వైరు రెండు కొసలూ అక్కడే ఉన్నాయి.

మూడోది... ఇంకా మెల్లగా.

"వద్దత్తా," అని చెయ్యి పట్టుకుంది. సైదున్నీసా విడిపించుకుంది. చెప్పులు మెట్ల కింద విడిచి, గోడ తడుముకుంటూ చీకట్లోకి ఎక్కుతోంది. గట్టిగా కూడా కాదు, ఇంట్లో మనిషికి బదులిచ్చినట్టు అంటోంది —

"వస్తాండా... వస్తాండా."