పడుగు ఇవతల దారి

"ఎవర్నడిగి గీసినవ్ సారూ గీ గీత?"

సున్నపు గీత సరిగ్గా ఆండాళు గడపకు రెండడుగుల ముందు ఆగింది. ఓవర్సీరు పరమేశ్వర్ తలెత్తాడు. పంతొమ్మిది వందల అరవై రెండులో బస్సులు కొత్తగా ఆ బజారు గుండా తిరుగుతుంటే, రోడ్డు వెడల్పు చేయించడానికి నల్లగొండ నుంచి వచ్చి నాలుగు రోజులైంది. ఇస్త్రీ చొక్కా, చంకలో చుట్టిన రోడ్డు నక్షా. ఎదురుగా, మోచేతుల దాకా నూలుకు పెట్టే గంజితో, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆండాళు.

"సర్కారు గీత. నడిచేటోళ్లకు బజార్ల జాగా లేదు. నిన్న కూరగాయల గంప జంగమ్మ బిడ్డకు లారీ ఎంత దగ్గరికొచ్చిందో ఎరుకేనా?"

"ఎరుకే. గా పిల్లను ఇవతలికి గుంజింది నేనే."

పరమేశ్వర్ గొంతు కాస్త తగ్గింది.

"జాగా ఎట్ల ఉంటది సారూ? గురవయ్య సేటు దుకాణం బల్లలు, డబ్బాలు ఆరడుగులు రోడ్డెక్కినయ్. గవి జరపవ్. మా ముంగిట గీస్తవ్."

"మీ దిక్కు ఖాళీ జాగా ఉంది. దినాం చూసినంకనే నక్షా గీసిన."

"దినాం ఎప్పుడు చూసినవ్?"

"పగటేల. భోజనం చేసినంక."

ఆండాళు నవ్వింది. కోపంతో నవ్వినప్పుడు ఆమె ముక్కుపుల్ల ఇంకాస్త మెరుస్తుంది. పరమేశ్వర్ అది చూసి, చూడనట్టు జేబులో పెన్ను సవరించుకున్నాడు.

"మీదేవూరు?" అడిగింది ఆండాళు.

"గద్వాల. మాదీ మగ్గం ఇల్లే. అమ్మ ఇంకా నేస్తది."

"బట్ట నేసే సాలోళ్ల ఇంట్ల పుట్టి పడుగు ఎప్పుడు పరుస్తరో తెల్వదా! పొద్దుగాల్నే పొడుగు పోగులన్ని వీధంత పరిచి గంజి పెడ్తం, ఎండ ముదరకముందే చుట్టేస్తం. నువ్వు తిని, కునుకు తీసి వచ్చి ఖాళీ అంటవా?"

పరమేశ్వర్ చెవులు ఎర్రబడ్డాయి. పదేళ్లు హైదరాబాదు హాస్టల్లో ఉండి చదివాడు. సెలవుల్లో ఇంటికి పోయినా బారెడు పొద్దెక్కేదాకా లేచేవాడు కాదు. అమ్మ పడుగు పరిచే వేళ అతని కంట ఎప్పుడూ పడలేదు.

ఆ ముంగిలి పోతే పదకొండు ఇళ్లలో మగ్గాలు ఆగుతాయి. బుధవారం, వారపు అంగడి రోజున, పెద్ద ఇంజనీరు వచ్చి ఆ నక్షా మీద సంతకం పెడతాడు. మధ్యలో ఉన్నది ఒక్క మంగళవారం.

"రేపు పొద్దుగాల రా. నీ కండ్లతోని చూడు," అంది ఆండాళు.

వచ్చాడు. కోడి కూసిన వెంటనే వచ్చాడు. ఆమె తండ్రి వెంకటనర్సు పడుగు ఒక కొస అతని చేతికిచ్చాడు.

"గట్టిగ పట్టు సారూ, గది పెన్ను గాదు!" అంది ఆండాళు. వెంకటనర్సు నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"బండేదన్న వచ్చి తొక్కితే?" అడిగాడు పరమేశ్వర్.

"పడుగును ఎవ్వరు తొక్కరు, దాటరు. తాగినోడు గూడ చుట్టు తిరిగే పోతడు."

ఇద్దరూ ఒకేసారి రోడ్డు వైపు చూశారు. పడుగుకు అవతల బస్సు, ఇవతల మనుషులు నడిస్తే? ఆ ఆలోచన ముందుగా ఎవరికి వచ్చిందన్న దాని మీద ఆ తర్వాత వాళ్ల మధ్య ఎన్నేళ్లు పోట్లాట నడిచిందో చెప్పలేం.

బుధవారం పొద్దున్నే పదకొండు ఇళ్ల పడుగులూ ఒకే వరుసలో, గడపలకు నాలుగడుగుల ముందు పరిచారు. ఎర్రటి నూలు బజారు పొడుగునా సాగింది. ఇంజనీరు జీపు దాన్ని చూసి దూరంగా జరిగింది. బస్సూ జరిగింది. జంగమ్మ నెత్తిన గంప, చంకన బిడ్డతో పడుగు ఇవతల నుంచి, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడకుండా నడిచి పోయింది.

పరమేశ్వర్ అందరి ముందూ నక్షా విప్పాడు.

"సార్, గీ ప్లాన్ తప్పు. తప్పు నాదే. ఖాళీ అని రాసిన జాగాల పదకొండిండ్ల బతుకుంది. జరగాల్సింది దుకాణాల బల్లలు."

"మరి నా గిరాకీ?" అన్నాడు గురవయ్య.

"మేము బతికుంటెనే గద సేటూ నీకు గిరాకీ!" అంది జంగమ్మ. అంగడంతా గొల్లున నవ్వింది. గురవయ్య కూడా నవ్వేశాడు.

బల్లలు ఆరడుగులు వెనక్కి జరపమన్నాడు ఇంజనీరు. పడుగు లేని వేళ కోసం ఆ వరుసలోనే నిలువు రాతి కడీలు పాతమన్నాడు. ఉద్యోగం పోతుందని భయపడకుండా తప్పు ఒప్పుకున్న మనిషిని చూస్తూ ఆండాళు నిలబడిపోయింది. తన వాడేదో గెలిచినట్టు గర్వంగా అనిపించింది. తన వాడు అని ఎప్పుడు అనుకుందో ఆమెకే తెలియలేదు.

కడీలు పాతిన నెలకు గద్వాల నుంచి ఒక పెద్దమ్మ బస్సు దిగింది. ఆమె చెయ్యి పట్టుకుని ఆండాళు రోడ్డు దాటించింది.

"వెంకటనర్సు ఇల్లేది బిడ్డా?"

"మా బాపే. ఏం పని పెద్దమ్మా?"

"నేను పరమేశు తల్లిని, లక్ష్మీనర్సమ్మను. పెద్ద సారు ముందట నోరిప్పినోడు, ఒక పిల్లను అడుగుదామంటె నోరు పెగుల్తలేదట. నన్ను పంపిండు."

"ఏం అడుగుతడట?"

"తిట్టనంటె చెప్త."

ఆండాళు తిట్టలేదు. నాలుగు కడీల అవతల ఒక ఇస్త్రీ చొక్కా టేపు పట్టుకుని, కొలిచిన రాయినే మళ్లీ కొలుస్తోంది.

"ఎవరొచ్చిండ్రే ఆండాళూ?" లోపలి నుంచి వెంకటనర్సు కేకేశాడు.

"అత్తమ్మ వచ్చింది బాపూ. నీళ్లు తెస్త."

మగ్గం చప్పుడు ఆగింది. వెంకటనర్సు గడపలోకి వచ్చి ముందు పెద్దమ్మను, తర్వాత కూతుర్ని, తర్వాత కడీల వైపు చూశాడు.

"ఆయన్ను గూడ పిలువు," అన్నాడు. "ఎండకు మాడుతడు."