పూజిత బస్సు మీద కంప్లైంట్

పూజిత కూనిరాగం తీస్తూ జడ పైకి చుట్టి క్లిప్పు పెట్టుకుంది. బయట ఇంకా చీకటి. బర్మింగ్‌హామ్‌లో ఆ వేళకి లేచేవాళ్ళంతా విసుక్కుంటూనే లేస్తారు. ఈవిడ మాత్రం పెళ్ళికి బయల్దేరుతున్నట్టు లేస్తుంది. బస్సు కంపెనీ వాళ్ళిచ్చిన నీలం కోటు తొడుక్కుని, నిద్రపోతున్న కూతురికి ముద్దిచ్చి, "ఏవండీ, ఉప్మా మూతపెట్టి ఉంచా. వెళ్ళొస్తా!" అంది.

దుప్పటి కింద రఘువీర్ మేలుకునే ఉన్నాడు. ఆ కూనిరాగానికి అతని ఒళ్ళు మండింది. అటు తిరిగి పడుకున్నాడు.

పెళ్ళాం మీద అనుమానంతో కుమిలిపోయే మొగుళ్ళని చూశాం, పుట్టింటివాళ్ళని చూసి ఉడుక్కునేవాళ్ళనీ చూశాం. రఘువీర్‌కి అలాంటి జబ్బులేం లేవు. అతను కుళ్ళుకునేది ఆవిడ ఉద్యోగాన్ని చూసి. అదీ సీఈఓ ఉద్యోగం కాదు, డబుల్ డెక్కర్ బస్సు డ్రైవరు ఉద్యోగం.

ఇద్దరూ భీమవరంలో ఒకే కాలేజీలో బీటెక్ చదివారు. అతనికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, దాంతో పాటు ఇంగ్లండు వీసా వచ్చాయి. ఆవిడ అతని వీసా మీద డిపెండెంటుగా వచ్చింది. డిపెండెంటుకి ఒక సుఖం ఉంది, నచ్చిన పని చేసుకోవచ్చు. పూజిత వేర్‌హౌస్‌లో అట్టపెట్టెలు మోసింది, ముసలివాళ్ళుండే కేర్‌హోమ్‌లో చేసింది, టేక్‌అవే హోటల్లో ఉల్లిపాయలు తరిగింది. ఏదీ ఒంటికి పట్టలేదు. ఓరోజు బస్సు వెనకాల 'డ్రైవర్లు కావాలి, మేమే నేర్పిస్తాం' అని చూసి అప్లై చేసింది. "బస్సా!" అని రఘువీర్ పడీపడీ నవ్వాడు.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. రోజూ ఇంటికొచ్చి ఆవిడ చెప్పే కబుర్లు వినాలి. ర్యాంపు దించితే వీల్‌చెయిర్ ముసలావిడ చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుందట. దిగేవాళ్ళు ప్రతివాళ్ళూ "తా, బాబ్!" అని చెప్పి మరీ దిగుతారట. తా అంటే థాంక్స్, బాబ్ అంటే ఈ ఊళ్ళో 'అమ్మలూ' లాంటి మాట. రఘువీర్‌కి ఇన్నేళ్ళలో ఎవరూ థాంక్స్ కూడా చెప్పలేదు. ఇంట్లోనే ఓ గదిలో కాల్స్ మీద కూర్చుని, ఒక బ్యాంకు సిస్టమ్స్ చెడిపోతే వచ్చే ఫిర్యాదులకి, అంటే టికెట్లకి, తీవ్రతని బట్టి సివియారిటీ వన్, టూ అని వేసి మూసెయ్యడం అతని పని. ఒకటి మూస్తే నాలుగొస్తాయి. మానేద్దామంటే ముగ్గురి వీసాలూ ఆ ఉద్యోగాన్నే పట్టుకుని వేలాడుతున్నాయి.

ఉప్మా తింటూ ఎనిమిదేళ్ళ లాస్య అంది, "డాడీ, స్కూల్లో పేరెంట్స్ జాబ్స్ గురించి టాక్ ఇచ్చాం. మమ్మీ డబుల్ డెక్కర్ నడుపుతుందంటే అందరూ వావ్ అన్నారు!"

"మరి నా గురించేం చెప్పావురా?"

పిల్ల కాసేపు ఆలోచించింది. "హీ ఈజ్ ఆన్ మ్యూట్ అని చెప్పా."

రఘువీర్ ప్లేటు పక్కకి తోసేశాడు.

సాయంత్రం పూజిత చెప్పులైనా విప్పకుండా అరిచింది. "ఏవండీ! నన్ను ట్రైనర్‌గా తీసుకుంటారట! కొత్త డ్రైవర్లకి నేను నేర్పాలి! శుక్రవారం ఖాయం చేస్తారు."

"శనివారాలు కూడా వెళ్ళాలా?" అన్నాడు రఘువీర్.

"అదా మీరు అడిగేది?"

"మరేం అడగాలి? నా వీసా ఉంటేనే కదా నీ బస్సు!"

పూజిత మొహం వాడిపోయింది. వంటింట్లోకెళ్ళి కూరగాయలు ముందేసుకుంది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు మహానుభావుడు. మర్నాడు లంచ్ టైములో బస్సు కంపెనీకి ఫోన్ చేసి, గొంతు మార్చి, పేరు చెప్పకుండా కంప్లైంట్ ఇచ్చాడు. ఫలానా రూటులో, ఫలానా టైముకి, లేడీ డ్రైవరు చెయ్యెత్తినా స్టాపులో ఆపకుండా పోయిందని. పెట్టేసిన మరుక్షణమే ఫోన్‌ని సొరుగులో పడేశాడు.

గురువారం పూజిత తొందరగానే ఇంటికొచ్చింది. కూనిరాగం లేదు. కోటు విప్పకుండా అతని ఎదురుగా కూర్చుంది.

"సివియారిటీ టూ ఏంటండీ? వన్ వెయ్యాల్సింది."

రఘువీర్ లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"మా మేనేజరు పిలిచి చెప్పాడు. ఎవడో ఫోన్ చేశాడట. ఇది సివియారిటీ టూ ఇష్యూ అన్నాడట, రూట్ కాజ్ డ్రైవరే అన్నాడట, నెక్స్ట్ అప్‌డేట్ ఎప్పుడిస్తారని కూడా అడిగాడట. బస్సు ఆగలేదని అలా చెప్పేవాణ్ణి తనెప్పుడూ చూడలేదని మేనేజరు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వబోయాను." ఆవిడ కోటు అంచు పిడికిట్లో బిగించింది. "రోజూ ఆ గదిలోంచి వినే మాటలే కదండీ అవి!"

"పూజితా, అదీ..."

"కంప్లైంట్ తేలేదాకా ట్రైనర్ పోస్టు ఇవ్వరట. నేను ఆపకుండా వెళ్ళానా? మీరు ఆ స్టాపులో ఉన్నారా అసలు?"

"లేను."

"ఎందుకు చేశారు?"

అబద్ధాలు రెండు మూడు నోటిదాకా వచ్చాయి. దేన్నీ పట్టుకోబుద్ధి కాలేదు. "కుళ్ళు," అన్నాడు. "నువ్వు పాడుకుంటూ వెళ్తావు. పాడుకుంటూ వస్తావు. నేను పొద్దున్న లాప్‌టాప్ తెరవడానికే అరగంట వాయిదా వేస్తాను. నీ ఉద్యోగం పోవాలని కాదు... నువ్వు కూడా ఒక్కరోజు నాలాగా మొహం వేలాడేసుకుని ఇంటికి రావాలనిపించింది."

"వచ్చాగా ఇవాళ. చాలా?"

అతను ఫోన్ తీసి, స్పీకరు పెట్టి డిపోకి కలిపాడు. "నేనిచ్చిన కంప్లైంట్ అబద్ధం. ఆ డ్రైవరు తప్పేం లేదు. నేను ఆమె భర్తని," అన్నాడు ఇంగ్లీషులో. "రైట్," అంది అవతల మేనేజరు గొంతు. "అయితే ఆమె పోస్టుకి ఏ అడ్డూ లేదు. మీరు మాత్రం ఆమెకి బాకీ పడ్డారు సార్." సిగ్గుతో రఘువీర్ చెవులు ఎర్రబడ్డాయి.

పూజిత వెంటనే కరిగిపోలేదు. కరిగితే ఆవిడ పూజిత కాదు. పొయ్యి మీద పప్పు పెట్టింది, చారు పోపేసింది, లాస్యకి అన్నం పెట్టి టీవీ ముందు కూర్చోబెట్టింది. అప్పుడొచ్చి అతని పక్కన కూర్చుంది.

"మిమ్మల్ని ఇప్పట్లో క్షమించలేను. కానీ మీరు ఆ కుర్చీలోంచి కదల్లేకపోతున్నది మా ఇద్దరి కోసమని నాకు తెలుసు. తెలిసి కూడా ఒక్కసారి అడగలేదు. నా సంతోషంలో నేను పడిపోయా."

"నువ్వేం తప్పు చేశావని..."

"వినండి. ఉద్యోగంతో లంకె లేని పర్మనెంట్ వీసా వచ్చే ఏడాది వచ్చేస్తుంది. వచ్చిన మర్నాడే రిజైన్ చేసెయ్యండి. ట్రైనర్ జీతంతో సర్దుకుందాం. నేను ఎన్ని చేసి చూశాక బస్సెక్కాను! మీరూ వెతుక్కోండి."

రఘువీర్ ఆవిడ వంక బిత్తరపోయి చూశాడు. ఇంటర్లో ఎంపీసీ నాన్న తీసుకోమన్నారు. కౌన్సెలింగ్‌లో కంప్యూటర్స్ బాబాయి చెప్పాడు. ఉద్యోగం క్యాంపస్‌కి వచ్చిన కంపెనీ ఇచ్చింది. తెలివైనవాడని అందరూ మెచ్చుకున్నారే గానీ, ఏం కావాలని ఎవరూ అడగలేదు. అతనూ తనని తాను అడగలేదు.

"చెప్పండి," అంది పూజిత, చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు గడ్డం పట్టుకుని. "పెద్దయ్యాక ఏమవుదామనుకుంటున్నారు?"

అతను నవ్వబోయాడు. జవాబు చెబుదామని నోరు తెరిచాడు. మాటకి ముందు ఏడుపొచ్చింది. పూజిత గడ్డం వదల్లేదు. తొందరేం లేదన్నట్టు అలాగే పట్టుకుని కూర్చుంది.