ఉత్తుత్తి తీర్పు

ఆ పాత కోర్టు హోటలుగా మారి ఎన్నాళ్ళో కాలేదు. వకీళ్ళు నల్లకోట్లు తగిలించుకుని కబుర్లాడుకున్న గదుల్లో ఇప్పుడు మెత్తటి పరుపులు వేశారు. కాగితాల కట్టలు కుక్కిన కొట్లను స్నానాల గదులు చేశారు. విచారణ జరిగిన పెద్ద హాల్లో భోజనాల బల్లలు పరిచారు. అక్కడ రెండిటిని మాత్రం కదపలేదు. అరుగు మీద జడ్జిగారి కుర్చీ, దానికెదురుగా నల్లకర్ర బోను. వచ్చినవాళ్ళు ఫోటోలు దిగడానికట.

అలాంటి చోట మన పిడుగు ఊరుకుంటుందా? కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. పిడుగు అన్నది ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు. అక్కకి ఈమధ్యే పెళ్ళయింది. అక్కాబావలతో కలిసి కారులో అక్క అత్తగారింటికి వెళ్తూ ఆ రాత్రికి ఇక్కడ ఆగారు. బావ కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాడు. తలుపు తగిలితే తలుపుకే క్షమాపణ చెప్పుకునే మనిషి. ఏడిపించడానికి అంతకంటే మంచి బావ ఏ మరదలికి దొరుకుతాడు?

రాత్రి భోజనాలవగానే పిడుగు చెంచా పుచ్చుకుని అరుగెక్కి కుర్చీలో కూర్చుంది.

"ముద్దాయిని బోనులో నిలబెట్టండి!"

"ఒసేయ్, అందరూ చూస్తున్నారే," అంది అక్క.

"చూడనీ. ఇది బహిరంగ విచారణ. లే బావా, కోర్టువారికి కోపం రాకముందే."

బావ అద్దాలు తుడుచుకుని, బుద్ధిగా వెళ్ళి బోనులో నిలబడ్డాడు. "నేను చేసిన నేరమేమిటి మహాప్రభో?"

"మా అక్క తన అత్తగారి కోసం కొన్న చాక్లెట్ల పెట్టెని దారిలోనే ఖాళీ చేయడం. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటానండీ."

"ఒక్కటీ మిగల్చకుండా?"

"కాగితాలు మిగిల్చానండీ."

చుట్టుపక్కల బల్లలవాళ్ళు పడీపడీ నవ్వారు. అక్క ఒక్కతే నవ్వలేదు. "మీకు వేళాకోళంగానే ఉంటుంది. రేపు మీ అమ్మ ముందు వట్టి చేతులతో నిలబడాల్సింది నేను," అంది మూతి ముడుచుకుని.

అసలు సంగతి చెప్పుకోవాలి. పెట్రోలు బంకు దగ్గర అక్క దిగినప్పుడు, వెనక సీట్లో కూర్చుని ఆ పెట్టె ఖాళీ చేసింది పిడుగే. అక్క తిరిగొచ్చి పెట్టె తెరిచి గుడ్లురిమితే, బావ కారు అద్దంలోంచి వెనక్కి చూశాడు. మరదలి మూతికంటిన చాక్లెట్టు కనిపించింది. "నేనే తిన్నాను," అనేశాడు. అక్క దారి పొడవునా ఆయన్ని సాధిస్తూనే ఉంది. పిడుగు కిటికీ వైపు తిరిగి నవ్వాపుకుంటూనే ఉంది.

ఇప్పుడు ఆ పిడుగే గొంతు బరువు చేసుకుని, "కోర్టువారి తీర్పు..." అంది. హాలంతా చెవులు రిక్కించింది. "ఉరి!"

చెంచాతో కుర్చీ చేతి మీద ఠంగున కొట్టింది.

నీళ్ళు పోస్తున్న వెయిటరు చెయ్యి ఆగిపోయింది. అరుగు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "విడుదల అనేయండి మేడమ్. ఇక్కడ అందరూ చివరికి అలాగే అంటారు," అన్నాడు.

"తీర్పు మార్చుకుంటే కోర్టు పరువేం కాను?" అంది పిడుగు, ఎడమ కనుబొమ్మ ఎగరేసి.

బావ కూడా నవ్వాడు. అప్పుడే ఎక్కడిదో గాలి వచ్చి, హాల్లో నవ్వులన్నీ ఒక్కసారిగా చల్లబడ్డాయి.

పిడుగు గది అక్కావాళ్ళ గది పక్కనే. దీపం ఆర్పి పడుకుంది. బయట చినుకులు పడుతున్నాయి. పాత గోడల్లోంచి చెమ్మ వాసన, ముదిరిన కర్ర వాసన వస్తున్నాయి. గోడ అవతల అక్క ఇంకా సణుగుతోంది. మధ్యమధ్య బావ గొంతు. "తప్పేనే. నాదే తప్పు."

ఆ మాటకి మొదటిసారి పిడుగుకి నవ్వు రాలేదు. లేచి వెళ్ళి చెప్పేస్తే పోతుంది కదా అనుకుంది. పొద్దున చెబుదాంలే అని దుప్పటి ముసుగేసుకుంది.

కాసేపటికి అక్క సణుగుడు ఆగింది. చినుకుల చప్పుడూ ఆగింది. అప్పుడు వచ్చింది ఇంకో వాసన... తడిసిన తాడు వాసన.

వరండాలో ఎవరో నెమ్మదిగా, సాగదీసి పిలిచారు.

"ముద్దాయి... హాజర్..."

బావ బదులు తీర్చుకుంటున్నాడు కాబోలు అనుకుంది. తలుపు కాస్త తెరిచి చూసింది. బావే. వట్టి కాళ్ళతో నడుస్తున్నాడు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు, మణికట్లు ఒకదానికొకటి కట్టేసినట్టు.

"బాగుంది బావా నటన," అని గుసగుసలాడింది.

ఆయన పలకలేదు. కళ్ళకి అద్దాలు లేవు. అద్దాలు లేకపోతే ఎదుటి గోడ కూడా కనపడని మనిషి... తడబడకుండా మెట్లు దిగుతున్నాడు. ఆయన ముందు ఇంకొకడు. భుజం మీంచి అడ్డంగా పట్టీ వేసుకున్న బంట్రోతు. వాడి అడుగులకి చప్పుడు లేదు.

పిడుగు గోడ పట్టుకుని వెనకాలే వెళ్ళింది. హాల్లో బల్లలన్నీ గోడలకి జరిపి ఉన్నాయి. నడిమధ్య, పెద్ద దూలం కింద, బావ నిలబడ్డాడు. మెడ పైకి సాగింది. మడమలు లేచాయి. మునివేళ్ళ మీద నిలబడ్డాడు. పైన తాడేమీ లేదు. అయినా ఏదో బిగుస్తున్నట్టు కిర్రుమన్న చప్పుడు...

"ఆపండి! నవ్వులాటకి అన్నాను!"

బంట్రోతు వెనక్కి తిరగలేదు. "మెల్లిగా అమ్మా. కుర్చీలో కూర్చున్నది తమరే కదా?"

"నేనే. కానీ..."

"తీర్పు చెప్పిందీ తమరే కదా?"

బావ గొంతులోంచి గురగురమని శబ్దం వచ్చింది. వేళ్ళు కూడా నేల వదులుతున్నాయి.

పిడుగు ఇంకేం ఆలోచించలేదు. పరుగెత్తి వెళ్ళి బోనెక్కింది. కర్ర చల్లగా, తడిగా ఉంది, ఎన్ని చేతులు చెమటపట్టి పట్టుకున్నాయో మరి. తల ఎత్తి ఎదురుగా చూడటానికి మొహం చెల్లలేదు.

"తిన్నది నేను," అంది. "ఆయన కాదు. నా కోసం నింద మోసాడు. నాకు తెలుసు... తెలిసే నిలబెట్టాను. అందరి ముందూ నవ్వులపాలు చేశాను. తెలిసే ఉరి అన్నాను."

ఉరుములాంటి పిల్ల గొంతు పిట్ట గొంతైపోయింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. కన్నీళ్ళు ముక్కు చివర్నుంచి చేతుల మీద పడుతున్నాయి. ఆ తడి చూస్తూ నిలబడింది.

ఎదురుగా... అరుగు మీద... కుర్చీ కిర్రుమంది.

ఎవరో దగ్గారు. తర్వాత ఒక ముసలి ఆడగొంతు, అలసటగా, ఒకే ఒక్క మాట అంది.

"వాయిదా."

ధబ్బుమని బావ నేల మీద కూలబడ్డాడు. పిడుగు తలెత్తేసరికి హాల్లో వాళ్ళిద్దరే ఉన్నారు. ఇంకా నిద్రలోనే ఉన్న బావని లేవదీసి, గది దాకా నడిపించింది.

తెల్లారాక అక్కకి అంతా చెప్పేసింది. రాత్రి సంగతి కాదు, చాక్లెట్ల సంగతి. అక్క ముందు చెవి మెలిపెట్టింది, తర్వాత మొగుడి వైపు తిరిగి, "మీకు నోరు లేదా? నిన్నంతా మాటలు పడ్డారే!" అంటూ కళ్ళు తుడుచుకుంది. బావ మెడ రుద్దుకుంటూ, దిండు పడలేదన్నాడు.

కారులో సామాన్లు సర్దుతుంటే పిడుగు పక్కకి చేరింది. నేల చూపులు చూస్తూ, "నన్ను క్షమించు బావా," అంది.

"ఛ, పిచ్చిపిల్లా. ఏదో చిన్నదానివి," అన్నాడు. పెట్టె ఎత్తబోయి ఆగాడు. "రాత్రి నాకో కల వచ్చింది. నువ్వు బోనులో తలొంచుకుని ఏడుస్తున్నావు. అద్దాల్లేవు కదా, అంతా మసకమసక. కుర్చీలో ఉన్న పెద్దావిడ మాత్రం స్పష్టంగా కనిపించింది. తలంతా నెరిసిపోయింది. అచ్చం నీ మొహమే. నీ లాగే ఎడమ కనుబొమ్మ ఎగరేస్తుంది కూడాను!"

పిడుగు చెయ్యి తన ఎడమ కనుబొమ్మ మీదికి పోయింది.

బావ నవ్వుతూ పెట్టె లోపల పెట్టి, డిక్కీ మూశాడు. "అంతా బాగానే ఉంది కానీ, ఆవిడ మెడ చుట్టూ అంత దట్టంగా గుడ్డ ఎందుకు చుట్టుకుందో..."