గూట్లో వదిలిన గుడ్డు

"నాలుగు కోళ్లు! వారం నుంచి ఒక్క గుడ్డు లేదు! ఎటు పోతానయే గుడ్లు?"

యాకమ్మ గొంతు కాశిబుగ్గ వీధి దాకా వినిపించింది. పెరట్లో గిన్నెలు తోముతున్న కోడలు రాజేశ్వరి తలెత్తలేదు. ఆరో నెల కడుపుతో వంగడమే ఆమెకు కష్టంగా ఉంది.

"నాకేమెరుక అత్తమ్మా? గూడు నువ్వే తెరుస్తానవ్, నువ్వే మూస్తానవ్."

ఆ కోళ్లను యాకమ్మ సరదాకు తేలేదు. నిరుడు శ్రావణంలో ఆమె ఒక్కగానొక్క కూతురు సారలమ్మ కాన్పు కాగానే దవాఖానలో కన్నుమూసింది. ఒంట్లో రక్తం లేదన్నారు. ఆ మాట యాకమ్మ చెవులను ఈనాటికీ వదల్లేదు. కోడలు నెల తప్పిందని తెలిసిన మర్నాడే నాలుగు పెట్టలను తెచ్చి పెరట్లో గూడు పెట్టించింది. రోజూ రెండు గుడ్లు కోడలు తినాలి... తన కళ్ల ముందే తినాలి!

కానీ యాకమ్మ నేతవాళ్ల ఇంట పుట్టి, నేతవాళ్ల ఇంటికే వచ్చిన మనిషి. కోళ్ల సంగతి ఆమెకు తెలియదు. పల్లెలో పెరిగిన రాజేశ్వరికి తెలుసు. గుడ్లు తీసినప్పుడల్లా ఒకటి గూట్లోనే వదిలేది. ఎందుకని అడిగితే, "ఒకటన్న ఉండాలె అత్తమ్మా, లేకుంటే కోడి జాగ మారుస్తది" అంది.

ఎంత చక్కటి సాకు! అనుకుంది యాకమ్మ. ఎనుమాముల మార్కెట్‌కు మిరపకాయలు తెచ్చిన కోడలి తమ్ముడు ఇంటికొచ్చి, వెళ్లేటప్పుడు బరువైన సంచితో వెళ్లలేదూ? ఆనాటి నుంచి తానే ముందు లేచి, గూట్లో ఒక్కటీ మిగల్చకుండా తీసేసింది. నాలుగు రోజులకు గుడ్లు తగ్గాయి. తర్వాత అసలే లేవు. అంటే... కోడలు తనకంటే ముందే లేస్తోందన్నమాట!

"నీ తమ్ముని సంచిల ఏం పంపినవో చెప్పు!"

రాజేశ్వరి చేతిలో గిన్నె ఆగిపోయింది. "నీ కొడుకు నేసిన దుప్పట్లు. ఆయననే అడుగు... దొంగనన్నంక ఈ ఇంట్ల నాకు బుక్క దిగదు అత్తమ్మా. తల్లిగారింటికి పోతా."

ఆమె లోపలికి వెళ్లి చీరలు మూట కట్టుకుంటుంటే, గోడ అవతల నుంచి పక్కింటి రజియా తల పైకెత్తింది.

"అత్తా, పంచాయితీ తర్వాత పెట్టుగని, నీ కోళ్లు ఆ మూసిన అర్రలకు దూరుడు రోజు జూస్తాన. వాటికేమన్న కిరాయికిచ్చినవా?"

సారలమ్మ కూర్చుని నూలు కండెలు చుట్టిన గది అది! ఆమె పోయాక ఎవరూ తలుపు తీయలేదు. చెదలు తిన్న తలుపు కింద సందు పడింది. యాకమ్మ గొళ్లెం తీసింది. పాత మగ్గం గుంటలో, కుప్పగా పడి ఉన్న నూలు చిక్కుల మీద ఎర్ర పెట్ట పొదుగుతోంది. దాని కింద గుడ్లు... ఎన్నెన్ని గుడ్లు! చెయ్యి పెట్టబోతే కసిగా పొడిచింది.

యాకమ్మ బయటికొచ్చేసరికి రాజేశ్వరి మూటతో గడపలో నిలబడి ఉంది.

"పోతానంటే పో బిడ్డా. ఆపే మొకం నాకు లేదు. నా బిడ్డ తినక పాయె... నువ్వు గూడ తినకుంట ఎవలకో పెడతానవని నా పానం కొట్టుకుంది. ఆ భయంల నిన్ను దొంగను జేసిన! అక్కడనన్న మంచిగ తిను..."

మాట పూర్తి కాలేదు.  రాజేశ్వరి మూటను గడప లోపలికి నెట్టి, నెమ్మదిగా కూలబడింది.

"ఆకలైతాంది అత్తమ్మా."

పొదుగుకు పడ్డ గుడ్లు తినడానికి పనికిరావు. యాకమ్మ కళ్లు తుడుచుకుని గోడ దగ్గరికి వెళ్లింది. జన్మలో ఎవరి ముందూ చెయ్యి చాచని మనిషి, ఆ పూట కొంగు పట్టింది.

"రజియా... జర ఒక్క గుడ్డుంటే ఇయ్యి బిడ్డా. నా కోడలు తింటదట."