నల్లపూత కింద

శవం గ్రైండింగ్ మెషిన్ పక్కనే పడి ఉంది. తిరుగుతున్న రాయి పగిలి, ముక్క ఆపరేటర్ ఛాతీలో దిగింది.

"బేరింగ్ పట్టేసింది సార్," అన్నాడు మేనేజర్. "లోపల గరుకు పొడి దొరికింది. బిగించింది ఫిట్టర్. నిన్ననే వాళ్లిద్దరూ కొట్టుకోబోయారు."

ఫిట్టర్‌ని లాకప్‌లో వేశారు.

"పొడి కలిపావా?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"లేదు సార్."

"గొడవెందుకు?"

ఫిట్టర్ తల దించుకున్నాడు. "'మా అక్కని పెళ్లికి అడగడానికి నోరు రావట్లేదా బావా' అని అందరి ముందూ నన్ను ఎగతాళి చేశాడు. ఉక్రోషమొచ్చి కాలర్ పట్టుకున్నా. అంతే."

చనిపోయిన ఆపరేటర్‌ని పెంచి పెద్ద చేసింది ఆ అక్కే. ఆమెకీ అదే ఫ్యాక్టరీలో, కోటింగ్ రూమ్‌లో పని. బేరింగ్ రింగులకి వజ్రమంత గట్టి నల్లపూత పడేది అక్కడే. ఆ పూత ఉంటే రాపిడి తగ్గుతుంది.

ల్యాబ్‌లో ఇన్‌స్పెక్టర్ మైక్రోస్కోప్‌లోకి చాలాసేపు చూశాడు. తర్వాత కోటింగ్ రూమ్‌లో అందరి వేలిముద్రలూ తీయించాడు.

మర్నాడు మేనేజర్‌నీ, అక్కనీ స్టేషన్‌కి పిలిపించి, ఫిట్టర్‌ని లాకప్‌లోంచి రప్పించాడు. చెప్పకపోతే ఫిట్టర్ బయటికి రాడు. చెబితే ఈవిడ ఏమైపోతుందో!

"ఆ పొడి బయటిది కాదు," అన్నాడు చివరికి. "పూతే పెచ్చులూడింది. ఆ పెచ్చులే బేరింగ్ బాల్స్ మధ్య ఇరుక్కుని నలిగాయి. పొడినే చూశాం గానీ, పూత ఎక్కడ ఊడిందో ఎవరూ చూడలేదు. పూతకి ముందు, కడిగిన రింగుని ఎవరో ఒట్టిచేత్తో పట్టుకున్నారు. చేతి జిడ్డు మీద పూత అతుక్కోదు. ఊడినచోట అంచున బొటనవేలి గీతలున్నాయి."

అక్క మొహం పాలిపోయింది.

"గ్లౌజ్ చిరిగిపోయింది సార్. కొత్తవి అడిగితే, రేపు చూద్దాం, ముందు పని కానివ్వమన్నారు."

"గ్లౌజ్ దగ్గర ఇంతుంటుందని ఎవరనుకుంటారండీ?" గొణిగాడు మేనేజర్.

ఆమె అతని వైపు చూడలేదు. "ఆ వేలు నాదేనా సార్?"

ఇన్‌స్పెక్టర్ వేలిముద్రల కాగితాన్ని ఆమె ముందుకి జరిపాడు.

ఫిట్టర్ చటుక్కున లేచాడు. "పొడి నేనే కలిపాను సార్. అలాగే రాసేసుకోండి."

"కూర్చోవయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెల్లగా. "నిన్ను వదిలేస్తున్నాం."

"వద్దు సార్. నేనే కలిపాను."

ఆమె తన బొటనవేలిని రెండో అరచేతికేసి రుద్దుతూనే ఉంది.