నీలవేణి పెట్రోల్ బంక్‌కి పదో నంబరా

ఆ సినిమాని స్రవంతి పదో నంబర్ల పెట్టింది. పది సినిమాలల్ల పదోది. నాకు ఒళ్ళు మండిపోయింది.

నిజం చెప్పాలంటే ఆ పొద్దున నా ఒళ్ళు ముందే మండుతున్నది. ఆదివారం స్రవంతిని చూడనీకి నగర్‌నార్ నుంచి పెండ్లిచూపులకు వస్తున్నరని మా బ్యాచ్‌ల సన్న చెప్పిండు. పిల్లగాడు స్టీల్ ప్లాంట్‌ల పని చేస్తడంట, పేరు భానుప్రసాద్ అంట, క్వార్టర్ కూడా ఇచ్చిన్రంట. ఇంత పెద్ద ముచ్చటని సన్నగాడు సమోసా నములుకుంట చెప్పిండు. నేను రిపేర్ చేస్తున్న ఫోన్ కింద పెట్టిన, మళ్ళా తీసిన, మళ్ళా పెట్టిన. వాడు ఇంకో సమోసా తీసుకున్నడు.

మా ఊరు ఎర్రబోరుల రోడ్డు పక్కన నాది మొబైల్ షాపు. పక్క గదిల స్రవంతి చాయిస్ సెంటర్ నడుపుతది. ఆధార్ కార్డు, కులం సర్టిఫికెట్, స్కూల్ అడ్మిషన్, ఊరోళ్ళ పనులన్నీ ఆమె కంప్యూటర్ల నుంచే నడుస్తయి. మా ఇద్దరి మధ్యల ఒక్కటే గోడ. నా పాటల సౌండ్ ఎక్కువైతే ఆ గోడ మీద గుద్దుతది, చాయ్ వచ్చినా గుద్దుతది. మూడేళ్ళ సంది ఇట్లనే నడుస్తున్నది. ఆమె అంటే నాకు పాణమని రోడ్డు మీద పోయే ప్రతి డ్రైవర్‌కి తెలుసు. ఆమెకు మాత్రం నేను చెప్పలే.

ఇగ సినిమా సంగతి. మా ఊళ్ళె హాల్ లేదు, సినిమా చూడాలంటే భద్రాచలం పోవాలె. డిసెంబర్ ఆఖర్ల మా బ్యాచ్ అంతా నా షాపు ముందల కూసొని ఆ ఏడు వచ్చిన సినిమాలకు నంబర్లు ఏస్తం. హాల్ల చూసిందే లెక్క, ఫోన్ల చూసింది ఎవరన్నా అంటే బెంచీ మీద నుంచి లేపేస్తం. ఒకటో నంబర్ కోసం మేం కొట్టుకున్నంత పని చేస్తం. పోయిన ఏడు ఇద్దరు పండుగ దాకా మాట్లాడుకోలే.

అయితే మాలో ఎవరూ బయట చెప్పుకోని సంగతొకటి ఉన్నది. మా బస్సు భద్రాచలం చేరేసరికి మార్నింగ్ షో అయిపోతది, మాకు దొరికేది మ్యాట్నీనే. ఆ మ్యాట్నీ అయిపోకముందే మా ఆఖరి బస్సు కదులుతది. అందుకే ఎర్రబోరోళ్ళం క్లైమాక్స్ మొదలు కాంగనే సీట్ల నుంచి లేస్తం. ఆఖరికి ఏమైతదో బస్సుల కూసొని మేమే చెప్పుకుంటం. హీరో గెలుస్తడు, పెండ్లి అయితది, ఏ సినిమాకైనా అంతే కదా అని మా ధైర్యం. తర్వాత ఫోన్లకు వస్తే చూసుకుంటం. 'నీలవేణి పెట్రోల్ బంక్' మాత్రం ఇంకా ఫోన్లకు రాలే.

అందుల హీరో బంకుల పెట్రోల్ కొడతడు. ఓనర్ బిడ్డ నీలవేణి రోజూ స్కూటీ మీద వస్తది. వాడు ట్యాంక్ నింపుతడు, అద్దం తుడుస్తడు, టైర్లల్ల గాలి చూస్తడు, ఇష్టమని మాత్రం చెప్పడు. ఆఖరికి ఆమె ఊరు ఇడిచి రైలెక్కుతుంటే వాడు వానల బండేసుకొని స్టేషన్‌కు ఉరుకుతడు. మేము లేచింది అక్కడనే. తడిసి ముద్దైన వాడి మొఖం చూసి నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. నా ఒకటో నంబర్ అదే. మా బ్యాచ్ అందరిదీ అదే.

"పదో నంబరా? అసలు నీకు గుండె ఉన్నదా?" అన్న.

"నీకు బుర్ర ఉన్నదా?" అన్నది స్రవంతి. చాయ్ గ్లాస్ బెంచీ మీద ఠక్కున పెట్టింది. "వాడు హీరో ఏంది? చేతగానోడు."

ఇగ నేను ఊకుంటనా. ప్రేమంటే ఏందో తెలియనోళ్ళకు అట్లాంటి సినిమాలు ఎక్కవన్న. ఉద్యోగం ఉన్నదా, క్వార్టర్ ఉన్నదా అని చూసుకునేటోళ్ళకు పెట్రోల్ కొట్టేటోడు చేతగానోడి లెక్కనే కనబడతడన్న. ఆ మాట నోట్ల నుంచి జారినంక బ్యాచ్ మొత్తం నా మొఖం చూసింది. సన్న నమలుడు ఆపిండు.

"క్వార్టర్ మధ్యలకు ఎందుకొచ్చింది?" అన్నది స్రవంతి.

"సినిమా గురించే మాట్లాడుతున్న."

"సినిమాల క్వార్టర్ లేదు దుర్గేశ్. నువ్వు దేని గురించి మాట్లాడుతున్నవో సక్కగ చెప్పు."

"చెప్పిన కదా, సినిమా గురించే."

ఆమె నన్ను చూసిన చూపు ఎట్లున్నదంటే, ఎండకాలం మధ్యాహ్నం గొడుగు లేకుండ నిలబడ్డట్టే ఉన్నది. తర్వాత అందరి దిక్కు తిరిగి మొదలుపెట్టింది. వాళ్ళమ్మ బుల్లమ్మకు భద్రాచలంల కంటి ఆపరేషన్ అయినప్పుడు స్రవంతి అక్కడ పిన్ని ఇంట్ల ఉన్నది కదా, అప్పుడు ఆ సినిమా పిన్నితోటి పోయి లైట్లు వేసేదాక కూసొని చూసిందంట. ఏ బస్సూ అందుకునే పని లేదంట.

"మీ హీరో స్టేషన్‌కు పోతడు. రైలు ఇంకా కదలలేదు. నీలవేణి డోర్ దగ్గర నిలబడి వాడి దిక్కే చూస్తది. వాడు వానల అట్లనే నిలబడతడు. నోరు తెరవడు. రైలు పోతది. వాడు బంకుకు తిరిగొచ్చి లారీకి డీజిల్ కొట్టుకుంట పాట పాడతడు. అయిపోయింది."

నేను నమ్మలే. నా సినిమాని కిందికి గుంజనీకి కథ అల్లుతున్నవన్న. అందరి ముందల అబద్ధాలకోరు అన్న. ఆమె ముక్కు ఎర్రబడ్డది. సన్న దిక్కు చేయి చాపి, మీ బావకు ఫోన్ కొట్టుమన్నది. సన్న వాళ్ళ బావ లక్ష్మణ్ ఆ హాల్ దగ్గర బండ్ల స్టాండ్ చూసుకుంటడు. సన్న ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేసి వాళ్ళ ఇంటి భాష దోర్లీల అడిగిండు.

లక్ష్మణ్ బావ తెలుగుల జవాబిచ్చిండు. సినిమా తాను చూడలేదంట. ఆడినన్ని రోజులూ బయటికొచ్చిన ప్రతోడూ హీరోని బూతులు తిట్టుకుంటనే బండి తీసిండంట. ఒకాయనైతే ఆ కోపంల వేరేటోళ్ళ బండి తీసుకపోయిండంట.

సన్న ఫోన్ జేబుల పెట్టుకొని, తనది కూడా పదో నంబరే అన్నడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ మాట మార్చిన్రు. నాకు ఇప్పుడు ఆ హీరో మీద కోపం నెత్తికెక్కింది. లేచి నిలబడి వాణ్ణి తిట్టిన. రైలు ఆగి ఉన్నది, పిల్ల చూస్తున్నది, ఇష్టమని ఒక్క మాట అంటే ఏం పోయేది వానిది, నోట్ల పెట్రోల్ పోసుకున్నడా వెధవ అన్న.

"నేను కూడా అదే అడుగుతున్న," అన్నది స్రవంతి.

  చాయిస్ సెంటర్ షటర్ గుంజి తాళం ఏసుకొని ఇంటికి పోయింది. ఆధార్ కోసం కూసున్న ముసలోళ్ళు ఇద్దరు నన్ను తిట్టిన్రు. వాళ్ళకు నేనేం చెప్పాలె.

అప్పుడు అర్థమైంది నాకు, నా బతుకు ఎటు పోతున్నదో. ఆదివారం వాళ్ళొచ్చి చాయ్ తాగి పిల్ల నచ్చిందంటే, నేను ఈ గోడ పక్కన కూసొని జనం ఫోన్లకు గ్లాసులు అతికించుకుంట ఉండాలె.  నేను కూడా షటర్ గుంజిన. బండి తీసి సక్కగ సర్కారోళ్ళు వడ్లు కొనే ధాన్యం మండికి పోయిన. స్రవంతి వాళ్ళ నాయన సీతయ్య ఆ రోజు అమ్మనీకి టోకెన్ దొరికి బస్తాలేసుకొని అక్కడనే ఉన్నడు.

ఆయన కాంటా దగ్గర హమాలీతోటి గొడవ పడుతున్నడు. కాంటా సక్కగ లేదని ఆయన, మీ వడ్లే తడిగున్నయని వాడు. నేను మధ్యల దూరిన.

"సీతయ్య మామా, స్రవంతిని నాకియ్యి. ఆ నగర్‌నారోళ్ళను రావద్దని చెప్పు."

 హమాలీ నెత్తి మీది బస్తాతోటి అట్లనే నిలబడ్డడు. సీతయ్య మామ తువ్వాల తీసి భుజం మీద ఏసుకున్నడు. ఆయన కోపమొస్తే ముందు తువ్వాల సర్దుకుంటడు, తర్వాత అరుస్తడు.

"పిల్లను అడిగినవా?"

"లేదు మామా. పద్ధతి ప్రకారం ముందు నిన్ను..."

"ఏం పద్ధతిరా? దాన్ని అడగకుండ నన్ను అడుగుతవేంది? నేనేమన్న నీకోసం మూడేళ్ళ సంది గోడలు గుద్దుతున్ననా? పో ఇక్కడి నుంచి, నా కాంటా చెడగొట్టకు."

అక్కడి నుంచి వాళ్ళ ఇంటికి పోయేసరికి ఈ ముచ్చట నాకంటే ముందే ఫోన్ల చేరింది. స్రవంతి వాకిట్ల నిలబడి ఉన్నది. మంచం మీద బుల్లమ్మ అత్త నల్లద్దాలు పెట్టుకొని చింతపండు గింజలు తీస్తున్నది.

"కాంటా దగ్గర హమాలీలకు చెప్పినవంట," అన్నది స్రవంతి. "వడ్ల బస్తాలకు కూడా చెప్పినవంట. నాకు చెప్పనీకి మాత్రం నీకు తీరిక దొరకలే."

నాకూ కోపమే ఉన్నది. ఆ హీరో మీద, భానుప్రసాద్ మీద, అందరికంటే ఎక్కువ నా మీద. ఆ కోపంలనే అరిచి చెప్పిన.

"నువ్వంటే నాకు ఇష్టం. నువ్వు గోడ గుద్దని రోజు నాకు షాపు తెరవబుద్ధి కాదు. ఆదివారం ఎవడొచ్చినా నేను గుమ్మంల అడ్డం కూసుంట, ఆ తర్వాత మీ ఇష్టం."

"అంత గట్టిగ ఎందుకురా," అన్నది బుల్లమ్మ అత్త. "నాకు ఆపరేషన్ కంటికి అయింది, చెవులకు కాదు."

స్రవంతి నవ్వలే. దగ్గరికొచ్చి నా చొక్కా గుండీ పట్టుకొని ఒక్కసారి గుంజింది, అది ఊడి చేతికొచ్చింది.

"నాకూ ఇష్టమే," అన్నది పండ్లు బిగపట్టి. "నా కోపం మాత్రం ఇప్పుడే తగ్గదు. పెండ్లయినంక కూడా కొన్నాళ్ళు ఉంటది. చూసుకో."

ఆ సాయంత్రం నేను ఇంటికి ఎట్ల వచ్చిననో నాకు గుర్తు లేదు. సీతయ్య మామ ఏమంటడోనని మాత్రం భయం పోలే. ఆయన అవునన్లే, కాదన్లే.

మర్నాడు పొద్దున షటర్ సగం లేపంగనే ఆయన వంగి లోపలికొచ్చిండు. మొఖం గంటు పెట్టుకొనే ఉన్నడు. తన ఫోన్ల సిగ్నల్ లేదని నా ఫోన్ ఇయ్యమన్నడు. జేబుల నుంచి నంబర్ తీసి నన్నే కొట్టమన్నడు. అది భానుప్రసాద్ వాళ్ళ నాయన నంబర్. రెండుసార్లు తప్పు కొట్టి మూడోసారి కలిపిన. స్రవంతి అప్పుడే వచ్చి గుమ్మంల నిలబడ్డది.

సీతయ్య మామ మర్యాదగనే మాట్లాడిండు. ఆదివారం రావద్దన్నడు, పిల్ల మనసు వేరే తీరుగ ఉన్నది, ఏమీ అనుకోవద్దన్నడు. అవతలోళ్ళకు కోపమొచ్చినట్టున్నది, చాలాసేపు విన్నడు. ఆఖరికి ఈ కొత్త నంబర్ ఎవరిదని అడిగిన్రనుకుంట.

ఆయన నన్ను కింది నుంచి పై దాక కోపంగ చూసిండు. గుండీ లేని చొక్కా దగ్గర చూపు ఆగింది.

"మా ఇంటి అల్లుడిది," అన్నడు.