ముంజేతి మీద నెయ్యి

పొద్దున్నే తన నెయ్యి దుకాణం షట్టరు ఎత్తేసరికి మిఠాయి దుకాణం వాళ్లు తిప్పి పంపిన నెయ్యి డబ్బా గుమ్మంలో ఉంది. రామచందర్ మూత తీసి, వాసనకు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. సిద్దిపేట బజారులో నెయ్యి చెడిందన్న మాట మధ్యాహ్నానికల్లా నాలుగు వీధులు తిరుగుతుంది.

తప్పు ఎవరి ఖాతాలో వేయాలో అతను తడుముకోలేదు. కొన్న నెయ్యి మళ్లీ కాచిన గిన్నె సరిగా కడగలేదని భార్య సాయిసుధ మీద విరుచుకుపడ్డాడు. రాత్రి పప్పులో ఉప్పు లేదని తల్లి భారతమ్మ కంచం నెట్టేసిన సంగతీ అందులోనే కలిపాడు.

"ఉప్పు సరిపోయింది. మీరు గూడ తిన్నరు గద," అంది సాయిసుధ. "నెయ్యికి కొన్ననాడే గబ్బు వాసనున్నది. అత్తమ్మ మంచిదన్నది, మీరు తూకమేసిన్రు."

పల్లెల నుంచి ఎవరు నెయ్యి తెచ్చినా ముందు భారతమ్మ ముంజేతికి రాయాలి. ఆమె రుద్ది, వాసన చూసి తల ఊపితేనే బేరం. గల్లా పక్కన పీట ఆమెదే.

"దీనికి నా పీట మీద కన్ను పడ్డది రా," అంది భారతమ్మ. "వంట రాదు గని, నా ముక్కుకు వంకలు పెడ్తది."

"ముక్కు పోయిందంటె పీట పోతదని భయం," అంది సాయిసుధ, గొంతు పెంచకుండానే.

రామచందర్‌కు ఒళ్లు మండింది. భార్య నోరు మూయించడానికి తల్లి ఎడమ చేతికి తిరిగొచ్చిన నెయ్యి, కుడి చేతికి నిన్న కాచిన మంచి నెయ్యి తనే రాశాడు. ఏది మంచిదో చెప్పమన్నాడు.

భారతమ్మ రెండూ వాసన చూసి ఎడమ చెయ్యి చాచింది. "గిది. కమ్మగున్నది."

రామచందర్ ముఖం పాలిపోయింది. అది చూసిన మరుక్షణం ఆమె ఎడమ చెయ్యి వెనక్కి తీసుకుని కుడి చెయ్యి ముందుకు పెట్టింది.

"అవ్వా, నా మొఖం జూసి చెప్తున్నవా?"

ఆమె కొంగుతో రెండు చేతులూ తుడుచుకుంది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. వాసన పోయి చాలా కాలమైంది. నాలుకకు ఉప్పూ కారం తెలియడం లేదు. కల్తీ తెచ్చినవాళ్లు కళ్లలోకి చూడరు కాబట్టి, తెచ్చినవాళ్ల ముఖాలు చూసే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది.

"గిప్పుడు నీ మొఖం దప్ప వేరేటోళ్ల మొఖాలు గూడ ఆనవాలు పడ్తలేను బిడ్డా. ఎన్నపూస కాగుతుంటె వాసన ఎట్లుండెనో యాది చేసుకుందామన్నా వస్తలేదు."

తల్లి ముక్కూ నాలుకా చేసిన నష్టమంతా ఇన్నాళ్లూ భార్య చేత కట్టించానని రామచందర్‌కు అప్పుడు లెక్క తేలింది.

ఇంతలో మిరుదొడ్డి నుంచి నర్సమ్మ వచ్చి నెయ్యి క్యాను దించింది. అలవాటుగా కాస్త తీసి భారతమ్మ ముంజేతికి రాసింది. ఆ చెయ్యి ముక్కు దాకా లేవలేదు. సాయిసుధ వచ్చి దాన్ని పట్టుకుని, వంగి, తన ముక్కు ఆనించింది.

"మంచిగున్నది అత్తమ్మా. నువ్వే చెప్పు," అంది నెమ్మదిగా.

భారతమ్మ కన్నీళ్లు కోడలి జుట్టు మీద రాలాయి. "మంచిగున్నది. తూకమెయ్యి రా."

రామచందర్ భార్య వైపు చూసి ఏదో అనబోయాడు.

"మనిద్దరి ముచ్చట ఇంకా తెగలే," అంది సాయిసుధ, అత్త చెయ్యి వదలకుండానే. "ముందుగాల తూకమెయ్యుండ్రి."